దుప్పటి కప్పి వచ్చాం, కాలిగోళ్ళు చూశామా?

తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ విమానాశ్రయం కొద్ది నిమిషాల ప్రయాణం. 2008 మార్చిలో అక్కడ రాకపోకలు మొదలయ్యాక చుట్టుపక్కల చేలు వెంచర్లయ్యాయి, వెంచర్లు కాలనీలయ్యాయి. అక్కడి నుంచే మన పిల్లలు విమానమెక్కి డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్ళారు. వాళ్ళ తల్లిదండ్రుల్లో కొందరు నగర శివారుల్లోని వృద్ధాశ్రమాల్లో, ఒక మంచం, ఒక చిన్న పెట్టెతో మిగిలారు. ఆశ్రమాల్లో ఉన్నవారంతా విదేశాల్లో పిల్లలున్నవారే కాదు. కూలికి వెళ్ళే ఓపిక పోయాక కొడుకింట్లో చోటు దొరకనివారు ఉన్నారు. అసలు ఎవరూ లేనివారు, బస్టాండులో పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చినవారు కూడా ఉన్నారు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఆ సంఖ్య ఇప్పుడు ఇంకా పెరిగింది.

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాలు ఈ ఆశ్రమాలకు బయలుదేరతాయి. యౌవనస్థులు రెండు క్రిస్మస్ పాటలు పాడతారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, అరటిపండ్లు, బ్రెడ్డు, దుప్పట్లు పంచుతారు, ఫోటో దిగుతారు, మధ్యాహ్నానికి తిరిగి వస్తారు. దీన్ని ఎగతాళి చేయాలని మా ఉద్దేశం కాదు. చలికాలంలో దుప్పటి అవసరమే. కానీ ఆ దుప్పటి కింద ఉన్న పాదాలను మనలో ఎంతమందిమి చూశాం? గోళ్ళు పెరిగి వేళ్ళ మీదికి వంగి ఉన్నాయేమో, మడమలు పగిలి రక్తం చెమరుస్తోందేమో, తలలో చుండ్రు కట్టి దురదతో నిద్ర పట్టడం లేదేమో అడిగామా? ముసలివారికి మనం ఇచ్చేవాటికంటే వారి ఒంటికి మన చేతులు చేసేది ముఖ్యమని, అది కూడా వారిని అడిగి చేయాలని చెప్పడానికే ఈ వారం ఈ మాటలు రాస్తున్నాం.

ముందు ఒక చిన్న వివరం. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే వీధి చివర ఉండే చిన్న ఆసుపత్రి. పాశ్చాత్య దేశాల్లో అదే మాటకు అర్థం వేరు. లేవలేనివారు, తమ పనులు తాము చేసుకోలేనివారు ఏళ్ళ తరబడి ఉండే చోటును వారు అలా పిలుస్తారు. మన వృద్ధాశ్రమాల్లో మంచాన పడ్డవారిని చూసుకునే గదులు సరిగ్గా అలాంటివే. నడవగలిగిన వృద్ధుడికి ఆశ్రమం ఒక హాస్టల్. పక్షవాతం వచ్చి పడుకున్నవారికి మాత్రం ఒళ్ళు కడిగే మనిషి చేతిలోనే వారి జీవితమంతా ఉంటుంది.

రెండవ సమూయేలు గ్రంథం 19వ అధ్యాయంలో మెఫీబోషెతు దావీదు ఎదుటికి వచ్చే ఘట్టం మనం సాధారణంగా తొందరగా చదివి దాటిపోతాం. రాజు యెరూషలేము విడిచి వెళ్ళిన రోజు నుంచి క్షేమంగా తిరిగి వచ్చిన రోజు వరకు అతడు కాళ్ళు శుభ్రం చేసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. అది దుఃఖానికి గుర్తని వ్యాఖ్యానాలు చెబుతాయి. నిజమే. కానీ అతడు రెండు కాళ్ళూ కుంటివాడు. గాడిదకు గంత కట్టించుకోవడానికి కూడా సేవకుని మీద ఆధారపడ్డవాడు, ఆ సేవకుడు సీబా తనను మోసం చేశాడని చెప్పుకున్నవాడు. లేఖనం అతని భక్తి గురించి ఉపన్యాసం ఇవ్వదు. అతని కాళ్ళు, గడ్డం, బట్టలు చూపిస్తుంది. ఒక మనిషి ఎలాంటి స్థితిలో ఉన్నాడో చెప్పడానికి పరిశుద్ధాత్మ ఆ మూడింటినే ఎంచుకున్నాడు. ఆశ్రమంలో అడుగుపెట్టగానే మనం చూడవలసినవి కూడా అవే.

స్నానం సంగతి చూద్దాం. రోజూ తల నుంచి పాదాల దాకా సబ్బు రుద్ది పోస్తేనే శుభ్రత అని మనం అనుకుంటాం. వృద్ధుల చర్మానికి అది పనికిరాదు. వయసు పెరిగే కొద్దీ చర్మం పలచబడుతుంది, నూనె గ్రంథులు తక్కువగా పనిచేస్తాయి. పైగా నగర శివార్లలో చాలాచోట్ల బోరు నీళ్ళు కఠినం. సబ్బు నురగ రాదు, కడిగినా జిడ్డు పోదు, ఆరాక చర్మం బిగుసుకుపోయి దురద పెడుతుంది. మంచాన ఉన్నవారికి వారంలో రెండు మూడు సార్లు పూర్తి స్నానం చేయించి, మిగతా రోజుల్లో ముఖం, చేతులు, చంకలు, రొమ్ముల కింద, తొడల మధ్య గోరువెచ్చని నీళ్ళతో తుడిస్తే సరిపోతుంది. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేడినీళ్ళు కలపాలి. షుగర్ వల్ల కాళ్ళకు స్పర్శ పోయినవారికి నీళ్ళు కాలుతున్నాయని తెలియదు కాబట్టి మన మోచేతితో చూసుకోవాలి. ముఖంతో మొదలుపెట్టి మర్మస్థానాలతో ముగించాలి. ఆ చివరి గుడ్డ మళ్ళీ ముఖానికి తగలకూడదు. స్త్రీలకు ముందు నుంచి వెనక్కే తుడవాలి. లేకపోతే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరతాయి. తుడిచిన తర్వాత రుద్దకుండా మెత్తగా అద్ది ఆరబెట్టాలి. చర్మం మడతల్లో తడి మిగిలితే రెండు రోజుల్లో ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది. దాని మీద పౌడరు జల్లితే ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది. చర్మం కొంచెం తడిగా ఉండగానే చేతులకు, కాళ్ళకు కొబ్బరినూనె రాస్తే తేమ నిలుస్తుంది.

ఒకేసారి ఒళ్ళంతా విప్పకూడదు. ఏ భాగం కడుగుతున్నామో అదొక్కటే తెరిచి మిగతాది కప్పి ఉంచాలి. గదిలో తెర లేకపోతే ఒక చీర కట్టినా చాలు. ఎనభై ఏళ్ళ తల్లికి సిగ్గు ఉండదని ఎవరు చెప్పారు? సొంత పిల్లల ముందు కూడా కొంగు సర్దుకున్న మనిషిని పదిమంది పడుకున్న హాల్లో బట్టలు విప్పి నీళ్ళు పోస్తే ఒళ్ళు శుభ్రపడవచ్చు గాని ఆమె లోపల ఏదో చచ్చిపోతుంది.

మతిమరుపు జబ్బు ఉన్నవారు స్నానమంటే కేకలు వేస్తారు, కొడతారు. ఆయాలు వారిని మొండివాళ్ళంటారు. చాలాసార్లు అది మొండితనం కాదు, భయం. ఎవరో తెలియని మనిషి బట్టలు లాగి, తల మీద మగ్గుతో నీళ్ళు కుమ్మరిస్తే మనమైనా కేకలు వేస్తాం. అమెరికాలో నర్సింగ్ హోముల్లో చేసి 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మనిషి ఇష్టాన్ని బట్టి నెమ్మదిగా స్నానం చేయించినప్పుడు, లేదా మంచం మీదే వెచ్చని తడి తువ్వాళ్ళతో కప్పి తుడిచినప్పుడు ఆ కలవరం, ఎదురుతిరగడం బాగా తగ్గాయి. తల మీద కాకుండా పాదాల నుంచి మొదలుపెట్టాలి. ప్రతిసారీ ఒకే మనిషి చేయాలి. చేయబోయేది ముందే చెప్పాలి. వారికి చిన్నప్పటి నుంచి తెలిసిన కీర్తన ఒకటి మెల్లగా పాడుతూ చేస్తే మన సంఘంవారికి మరీ తేలిక. మాటలు మరిచినవారు కూడా పాట మరచిపోరు.

ఒళ్ళు తుడిచేటప్పుడే చూడవలసినది ఇంకొకటి ఉంది. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం అనే ఐదు చోట్ల పడక పుండ్లు మొదలవుతాయి. తెల్లని చర్మంలో ఎర్రగా కనిపించేది మన చామనఛాయ చర్మంలో కనిపించదు. అక్కడ వేడిగా, గట్టిగా, చుట్టుపక్కల కంటే నల్లగా ఉందేమో చేత్తో తాకి చూడాలి. ఉంటే దాని మీద మర్దన చేయకూడదు. పక్కకు తిప్పి ఆ భాగంపై బరువు తీసేసి నర్సుకు చెప్పాలి. మంచం మీద కదలలేనివారిని రెండు గంటలకోసారి తిప్పాలన్నది అందుకే.

నోరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ మరిచిపోయేది అదే. పళ్ళు లేనివారికి నోరు కడగడం దేనికని ఆశ్రమాల్లో అనుకుంటారు. పళ్ళు లేకపోయినా నాలుక ఉంది, చిగుళ్ళున్నాయి, అన్నం మెతుకు బుగ్గలో ఇరుక్కుంటుంది. ఆ క్రిములు నిద్రలో ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా అవుతుంది. జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో రెండేళ్ళపాటు చూశారు. ప్రతి భోజనం తర్వాత సిబ్బంది నోరు శుభ్రం చేసి, అవసరాన్ని బట్టి దంతవైద్యులు వచ్చి చూసినవారిలో న్యుమోనియా వచ్చింది 11 శాతం మందికి. ఆ శ్రద్ధ లేనివారిలో 19 శాతం మందికి. ఇందుకోసం వారు కొత్త మందేమీ ఇవ్వలేదు. మెత్తని బ్రష్షుతో తోమి, శ్రద్ధగా చూసుకున్నారు, అంతే. పళ్ళు లేనివారికి శుభ్రమైన గుడ్డను వేలికి చుట్టి తడిపి చిగుళ్ళు, నాలుక తుడవాలి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, పేరు రాసిన డబ్బాలో మామూలు నీళ్ళలో ఉంచాలి. వేడినీళ్ళలో వేస్తే వంకర తిరుగుతాయి. అందరి పళ్ళూ ఒకే గిన్నెలో వేసి కడిగి, ఎవరివి ఎవరికి పెట్టాలో తెలియక తికమకపడే ఆశ్రమాలు కూడా ఉన్నాయి. ఇతరుల పళ్ళు నోట్లో పెట్టుకుని అన్నం తినమంటే ఎవరు తింటారు?

ఇక్కడ పాస్టర్లకు ఒక మాట. మంచాన ఉన్న విశ్వాసికి ప్రభు బల్ల తీసుకువెళ్ళినప్పుడు రొట్టె అందించే ముందు వారి నోరు తడిగా ఉందో లేదో చూడండి. ఎండిన నోట్లో రొట్టె అంగిట్లో అతుక్కుంటుంది. ముందు ముఖం తుడిచి, పెదవులు తడిపి, తల ఎత్తి కూర్చోబెట్టించండి. మింగడం కష్టమైనవారి విషయంలో ఎంత ఇవ్వవచ్చో నర్సును అడగండి. మొదటి ఆదివారం తెల్లచీర కట్టి ప్రభు బల్లకు వెళ్ళిన తల్లి ఇప్పుడు వెలిసిపోయిన నైటీలో పడుకుని ఉంటుంది. ఆశ్రమాల్లో స్త్రీలందరికీ నైటీ తొడగడం సిబ్బందికి సులువు, అది మాకు అర్థమవుతుంది. అయినా నెలకొకరోజు ఆమెకు చీర కట్టమని ఇద్దరు సహోదరీలు వెళ్ళి అడిగితే కాదనే మేనేజరు అరుదు.

జుట్టు విషయంలో మాకు గట్టి అభిప్రాయమే ఉంది. పేలు పడుతున్నాయని, దువ్వడానికి మనుషులు లేరని కొన్ని ఆశ్రమాల్లో స్త్రీల జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు, కొన్నిచోట్ల గుండే చేస్తారు. మన తెలుగు నేల మీద గుండు చేయించిన స్త్రీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒకప్పుడు కొన్ని కులాల్లో భర్త చనిపోయిన ఆడదానికి బలవంతంగా శిరోముండనం చేసేవారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగంగారి కాలం వితంతువులను అలా అవమానించిన కాలం. అలాంటి చోట ఒక వృద్ధురాలిని అడగకుండా కత్తెర పెట్టడం పరిశుభ్రత అనిపించుకోదు. పేలకు మందు ఉంది, పేన్ల దువ్వెన ఉంది, ఓపిక ఉంటే చాలు. ఆమె తానే వద్దనుకుని కత్తిరించమంటే అది వేరే సంగతి. నెత్తికి నూనె పెట్టి, చిక్కు తీసి, చిన్న ముడి వేసి అద్దం చూపించండి. ఆశ్రమాల్లో అద్దం ఉండదు, ఒకటి మీరే తీసుకువెళ్ళండి.

నయోమి రూతును బోయజు దగ్గరికి పంపేటప్పుడు స్నానం చేసి, నూనె రాసుకుని, మంచి బట్టలు కట్టుకోమంది. చెరసాల నుంచి పిలిపించిన యోసేపు క్షౌరం చేయించుకుని బట్టలు మార్చుకునే ఫరో ముందు నిలబడ్డాడు. ఉపవాసంలో కూడా తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమన్నాడు ప్రభువు. అలంకారం లోకసంబంధమని కొందరు బోధకులు ఎంత గట్టిగా చెప్పినా, ముఖం కడిగి తల దువ్వుకోవడం మనిషి మర్యాదలో భాగమని బైబిలంతటా కనిపిస్తుంది.

మగవారి గడ్డం దగ్గర ఒక ప్రమాదం ఉంది. సంఘ యౌవనస్థులు ఉత్సాహంగా ఒకే రేజరుతో పదిమందికి గడ్డం గీస్తే హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి అంటుకుంటాయి. ఎవరి రేజరు వారిదే, వాడాక పారేయాలి. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న గాటు పడినా రక్తం ఆగదు. వారికి ట్రిమ్మరు మేలు. సంఘంలో సెలూన్ నడిపే సహోదరుడు ఉంటే నెలకొక సోమవారం అతని సేవ ఇక్కడ ఎంతో విలువైన పరిచర్య.

కాళ్ళ గోళ్ళు ముందు పావుగంట గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. తర్వాత అడ్డంగా, నిటారుగా కత్తిరించాలి. మూలలు లోపలికి తవ్వకూడదు. షుగర్ ఉన్నవారి గోళ్ళు, కొమ్ములా గట్టిపడిన గోళ్ళు మనం ముట్టుకోకుండా నర్సుకు వదిలేయాలి. వారికి చిన్న గాయం కూడా కాలు తీసేసేదాకా పోవచ్చు. వేళ్ళ సందుల్లో తడి, పగుళ్ళు, పుండు ఉన్నాయేమో చూసి చెప్పడమే అక్కడ మన పని. చేతివేళ్ళ మధ్య, నడుము దగ్గర దద్దుర్లు ఉండి రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటే గజ్జి కావచ్చు. అది ఒకరికి వస్తే గదిలో అందరికీ, ఆయాలకు కూడా ఒకేరోజు మందు రాయాలి, పక్క బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. చెవుల్లో పిన్నులు పెట్టి గులిమి తీయకండి. కళ్ళద్దాలు మాత్రం తప్పకుండా తుడవండి. చూపు తగ్గిందని అనుకున్నవారికి అద్దం మీది మురికి పోగానే కనిపించడం కూడా జరుగుతుంది.

డయపర్ల సంగతి మాట్లాడటానికి మనకు మొహమాటం. కానీ ఆశ్రమంలో అసలు కష్టం అక్కడే. తడిసిన డయపరు గంటల తరబడి ఉంటే చర్మం ఊడి పుండవుతుంది. ఖర్చు ఎక్కువని రోజుకు ఒకటో రెండో ఇస్తారు. మళ్ళీ మళ్ళీ తడుస్తారని నీళ్ళు తాగనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. నీళ్ళు తగ్గిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అయోమయం పెరుగుతాయి. ఈసారి క్రిస్మస్‌కు దుప్పట్ల బదులు డయపర్లు, జింకు ఆక్సైడు క్రీము, మెత్తని నూలు గుడ్డలు తీసుకువెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫోటోకు అందంగా ఉండకపోవచ్చు.

ఆశ్రమం నడిపేవారి మీద, ఆయాల మీద నింద వేయడానికి ఇదంతా రాయడం లేదు. 12 మందికి ఒక్క ఆయా ఉంటే, మనిషికి 20 నిమిషాల చొప్పున స్నానానికే 4 గంటలు పోతుంది. మధ్యలో టిఫిను, మందులు, పక్క బట్టలు. ఆమె జీతం మనలో చాలామంది ఇంటి కరెంటు బిల్లు, ఫోను బిల్లు కలిపితే ఎంతో అంత కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. ఆమె ఎవరో కూడా చూడండి. ఇతరుల మలమూత్రాలు ఎత్తే పనిని ఈ దేశం కులం పేరుతో కొందరి మీద మోపింది. మన సంఘాల్లో ఎంతోమంది పూర్వికులు ఆ అవమానం ఎరిగినవారే. ఇతరులు మైల అన్న పనిని మన అమ్మమ్మలు నర్సులుగా చేతికెత్తుకున్నారు. ఒకప్పుడు ఈ దేశంలో నర్సుల్లో అత్యధికులు క్రైస్తవ స్త్రీలే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆసుపత్రిలో ఎవరూ ముట్టని పుండ్లు కడిగి కట్టు కట్టారు. మన పిల్లలు చదువుకుని పైకి వచ్చారు, సంతోషమే. ఆ గుడ్డ, ఆ బకెట్టు మాత్రం ఇంకెవరో పేద స్త్రీ చేతిలో పెట్టి మనం పక్కకు తప్పుకున్నాం. విధవరాండ్ర జాబితాలో చేర్చడానికి పౌలు తిమోతికి చెప్పిన అర్హతల్లో పరిశుద్ధుల పాదాలు కడగడం ఒకటి. గుడ్ ఫ్రైడే ముందు రోజు ముందే కడుక్కుని వచ్చిన 12 మంది పెద్దల పాదాల మీద నీళ్ళు చల్లే సంఘాలు దాన్ని ఒకసారి చదవాలి.

ఫ్రాన్సులో 1839 చలికాలంలో జాన్ జుగాన్ అనే పేద పనిమనిషి ఒక గుడ్డి వృద్ధురాలిని ఇంటికి తెచ్చి తన మంచం ఇచ్చింది. ఆ ఒక్క మంచం నుంచే వృద్ధులను చూసుకునే కన్యల సమాజం పుట్టింది. సికింద్రాబాద్‌లో కూడా వారి ఆశ్రమం ఉంది. కథోలికుల పని కదా అని మనం పక్కన పెట్టకుండా వెళ్ళి చూసి నేర్చుకుంటే నష్టం లేదు.

ఇప్పుడు సంఘం చేయగలిగింది. మంచం మీది నుంచి ఎత్తడం, పూర్తి స్నానం, డయపరు మార్చడం శిక్షణ ఉన్నవారి పనులు, వాటి జోలికి వెళ్ళకూడదు. తల దువ్వడం, నూనె రాయడం, చేతిగోళ్ళు, కళ్ళద్దాలు, ముఖం తుడవడం ఎవరైనా చేయవచ్చు. స్త్రీలకు స్త్రీలే, పురుషులకు పురుషులే. ముందూ వెనకా సబ్బుతో చేతులు కడగాలి, జలుబు ఉన్నవారు ఆ వారం ఇంట్లో ఉండాలి. ముట్టుకునే ముందు "అమ్మగారూ, తల దువ్వమంటారా?" అని అడగాలి. వద్దంటే పక్కన కూర్చుని మాట్లాడి రావాలి. ఫోటోలు వద్దు. ఏడాదికొకసారి నలభై మంది వెళ్ళడం కంటే, ప్రతివారం అదే నలుగురు వెళ్ళడం మంచిది. మూడో వారానికి వారు మీ అడుగుల చప్పుడు గుర్తుపడతారు.

నిర్లక్ష్యం కళ్ళకు కనబడితే ముందు నిర్వాహకులతో మర్యాదగా మాట్లాడండి. చాలాసార్లు వారికే తెలియదు. అయినా మారకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగల ఆశ్రమాలను జిల్లాకొకటైనా ప్రభుత్వాలు నెలకొల్పవచ్చని అది చెబుతోంది. పోషించవలసినవారే వృద్ధులను వదిలేస్తే మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా ఉంది. ఇది తల్లిదండ్రులను ఆశ్రమ గేటు దగ్గర దింపి నంబరు మార్చుకున్న మన సంఘ సభ్యులకు కూడా వర్తిస్తుంది.

వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ డబ్బా సిద్ధం చేయండి. అందులో దువ్వెన, నెయిల్ కట్టరు, మెత్తని బ్రష్షు, చిన్న కొబ్బరినూనె సీసా, రెండు నూలు గుడ్డలు. మూత మీద వారి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. శనివారం ఉదయం పదిన్నర మంచి సమయం. అప్పటికి స్నానాలు అయిపోయి, గోళ్ళు ఇంకా మెత్తగా ఉంటాయి.